దానంతట అదే రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్: విండోస్ మళ్లీ వేసే ముందు చూడవలసినవి

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా పొరపడి ఉంటే సరిదిద్దండి. నాలుగు నెలల కిందట విడిభాగాలు కొనుక్కుని, ఇంట్లో మీరే కంప్యూటర్ బిగించుకున్నారు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు, ఆర్‌టీఎక్స్ 3070 గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్‌తో పాటే వచ్చిన 500 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకు తగిన వోల్టేజీల్లోకి మార్చి ఇచ్చే డబ్బా), 600 వీఏ యూపీఎస్. గేమ్ ఆడుతుండగా అరగంటకో గంటకో తెర ఒక్కసారిగా నల్లబడి, మదర్‌బోర్డు కంపెనీ గుర్తు కనిపించి, కంప్యూటర్ మళ్లీ మొదటి నుంచి లేస్తోంది. బ్లూ స్క్రీన్, అంటే విండోస్ తప్పు చూపించి ఆగిపోయే నీలి తెర, రావడం లేదు. వారానికి ఒకటి రెండుసార్లు ఏ పనీ చేయకుండా వదిలేసినప్పుడు కూడా ఇలాగే జరుగుతోంది. దుకాణం వారు చెప్పినట్లు విండోస్‌ను రెండుసార్లు ఫార్మాట్ చేసినా ఫలితం లేదు. వేడి వల్ల ఇలా అవుతోందా అని కూడా అడిగారు. ఇప్పుడు దుకాణం వారు మదర్‌బోర్డు మార్చమంటున్నారు, మార్చాలా అన్నది మీ ప్రశ్న.

మార్చకండి. విండోస్‌ను మూడోసారి ఫార్మాట్ కూడా చేయకండి. గేమ్ ఆడుతున్నప్పుడు వచ్చే రీస్టార్ట్‌కు కారణం దాదాపుగా కరెంటు వచ్చే దారిలోనే ఉంది. నేనైతే ముందు యూపీఎస్‌ను, ఆ తరువాత ఎస్‌ఎమ్‌పీఎస్‌ను అనుమానిస్తాను. ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే రీస్టార్ట్‌కు కారణం వేరే అయి ఉండవచ్చు. దానికి ర్యామ్ వేగాన్ని, ప్రాసెసర్ విశ్రాంతి తీసుకునే విధానాన్ని చూడాలి. రెండూ ఒకే జబ్బు అనుకుని వెతకడం వల్ల ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయక, చేసిన మరమ్మతు తప్పేమోనన్న అనుమానం వస్తుంది.

నేను పంతొమ్మిదేళ్లుగా ఖమ్మంలో కంప్యూటర్లు అసెంబుల్ చేస్తూ, బాగుచేస్తూ ఉన్నాను. దానంతట అదే రీస్టార్ట్ అవుతోందని వచ్చే కంప్యూటర్లలో మదర్‌బోర్డు చెడిపోయినవి నా చేతికి చాలా తక్కువగా తగిలాయి. అయినా మొదటి అనుమానం దాని మీదికే పోతుంది, ఎందుకంటే అన్ని తీగలూ చివరికి దానిలోకే వెళతాయి.

ఏ భాగం చెడిందని వెతికే ముందు, కంప్యూటర్‌ను ఆపుతున్నది ఎవరో తేల్చుకోవాలి. విండోస్ ఏదో తప్పు గమనించి తనంతట తాను రీస్టార్ట్ చేసుకుంటోందా, లేక విండోస్‌కు తెలియకుండానే కింద నుంచి కరెంటు తెగుతోందా? ఇందుకోసం అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ తెరిచి, స్టార్టప్ అండ్ రికవరీ విభాగంలో ఆటోమేటికల్లీ రీస్టార్ట్ అన్నదాని పక్కనున్న టిక్కు తీసేయండి. ఆ టిక్కు ఉన్నంతకాలం బ్లూ స్క్రీన్ వచ్చినా రెప్పపాటులో మాయమై కంప్యూటర్ రీస్టార్ట్ అయిపోతుంది, మనం దాన్ని చూడనే చూడము. టిక్కు తీసిన తరువాత బ్లూ స్క్రీన్ వచ్చి అక్కడే నిలిచిపోతే ఆపింది విండోస్. అప్పటికీ తెర నల్లబడి రీస్టార్ట్ అవుతుంటే, నేరం హార్డ్‌వేర్‌ది గానీ కరెంటుది గానీ అని తొంభై పాళ్లు తేలినట్లే.

తరువాత, విండోస్ తనలో జరిగినవన్నీ నంబర్లతో రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్ కింద ఉన్న సిస్టమ్ విభాగం తెరిచి, రీస్టార్ట్ అయిన సమయం దగ్గర ఏ నంబర్లు పడ్డాయో చూడండి. మీకు కెర్నల్ పవర్ 41 తప్పకుండా కనిపిస్తుంది. చాలామంది ఈ 41నే జబ్బు పేరు అనుకుని దాని కోసం గంటల తరబడి వెతుకుతారు. అది నిజానికి విండోస్ తిరిగి లేచిన తరువాత, క్రితంసారి తనను సరిగా మూయకుండానే ఆపేశారని రాసుకున్న ఫిర్యాదు మాత్రమే. మనకు కావలసింది దాని లోపల ఉంటుంది. డీటెయిల్స్ అన్న ట్యాబ్ నొక్కితే బగ్‌చెక్ కోడ్ అని ఒక అంకె కనిపిస్తుంది. అక్కడ సున్నా ఉంటే విండోస్‌కు తప్పు రాసుకునే వ్యవధి కూడా దొరకలేదన్నమాట. కోడ్ ఉంటే అది దశాంశ పద్ధతిలో ఉంటుంది. 292 ఉంటే హార్డ్‌వేర్ తానే తప్పు ప్రకటించిందని, 26 ఉంటే ర్యామ్ వైపు చూడమని, 278 ఉంటే గ్రాఫిక్స్ కార్డు లేదా దాని డ్రైవర్ వైపు చూడమని అర్థం చేసుకోవచ్చు. అక్కడే పవర్ బటన్ టైమ్‌స్టాంప్ అని ఇంకొక వరుస ఉంటుంది. అందులో సున్నా కాకుండా పెద్ద అంకె ఉంటే, ఎవరో పవర్ బటన్ నొక్కి పట్టుకున్నారని గానీ ఆ బటన్ ఇరుక్కుపోయిందని గానీ భావించాలి.

ఆ సమయం దగ్గర 1074 అనే నంబరు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. విండోస్ అప్‌డేటో మరో ప్రోగ్రామో పద్ధతి ప్రకారం రీస్టార్ట్ అడిగిందని, అడిగిన ప్రోగ్రామ్ పేరేమిటో కూడా అందులోనే రాసి ఉంటుంది. రాత్రి వదిలేస్తే పొద్దునకల్లా రీస్టార్ట్ అయి ఉంటోందని వచ్చిన కంప్యూటర్లలో కొన్నింటి జబ్బు ఇంతే. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ (హార్డ్‌వేర్ తప్పుల పద్దు) అనే పేరుతో ఏవైనా ఉంటే మాత్రం విడిగా రాసి పెట్టుకోండి, వాటి సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

మీకు బ్లూ స్క్రీన్ లేదు, రెండుసార్లు ఫార్మాట్ చేసినా మారలేదు. కాబట్టి బగ్‌చెక్ కోడ్ సున్నాయే ఉంటుందని నా అంచనా. ఇక కరెంటు దగ్గరికి వద్దాం.

ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కట్టలో ఒక తీగ వోల్టేజీ మోయడానికి కాకుండా సమాచారం చెప్పడానికి ఉంటుంది. రంగు తీగలున్న ఎస్‌ఎమ్‌పీఎస్‌లో అది బూడిద రంగులో ఉంటుంది. దాన్ని పవర్ గుడ్ సంకేతం అంటారు. వోల్టేజీలన్నీ సరిగా ఉన్నంతసేపు ఆ తీగ మీద దాదాపు 5 వోల్టులు ఉంటాయి. అవి జారిపోతే మదర్‌బోర్డు విండోస్‌ను అడగకుండానే ప్రాసెసర్‌ను ఆపేస్తుంది, వోల్టేజీలు తిరిగి కుదురుకోగానే మొదటి నుంచి నడిపిస్తుంది. మీరు చూస్తున్న నల్ల తెర, ఆ వెంటనే వచ్చే కంపెనీ గుర్తు ఇదే. కరెంటు పూర్తిగా పోయి వస్తే, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు సొంత ప్రోగ్రామ్‌లో) తిరిగి ఆన్ కమ్మని పెట్టుకుంటే తప్ప, కంప్యూటర్ ఆఫ్‌లోనే ఉండిపోతుంది. రీస్టార్ట్ అవుతోందంటే కరెంటు తడబడింది గానీ పూర్తిగా పోలేదని లెక్క.

ఇప్పుడు మీ వాట్లు కూడుదాం. ప్రాసెసర్ డబ్బా మీద 65 అని ఉన్నా, పని ఎక్కువైనప్పుడు అది 76 వాట్ల దాకా తీసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు 220 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి ఇంకొక 50 వేసుకోండి. లోపల వాడకం 350 వాట్లకు దగ్గరగా వచ్చింది. ఎస్‌ఎమ్‌పీఎస్ తీసుకున్నదంతా లోపలికి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. నూటికి ఎనభై పాళ్లు ఇస్తుందనుకుంటే గోడ నుంచి లాగేది 430 వాట్లు దాటుతుంది. మానిటర్ కూడా ఆ యూపీఎస్ మీదే ఉంటే 460. మీ యూపీఎస్ మీద 600 అని పెద్ద అక్షరాల్లో ఉన్నది వీఏ (వోల్ట్ ఆంపియర్లు), వాట్లు కాదు. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌లు సాధారణంగా 360 వాట్లకే తయారవుతాయి, వెనక ఉన్న లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఆ సంగతి ఉంటుంది.

మరి ఇన్నాళ్లూ ఎలా నడిచిందని మీకు సందేహం రావచ్చు. కరెంటు నిలకడగా ఉన్నంతసేపు యూపీఎస్ దాన్ని దాదాపుగా అలాగే లోపలికి పంపిస్తుంది, బ్యాటరీ మీద భారం పడదు. వోల్టేజీ కాస్త కిందికి జారినప్పుడు లోపల రిలే టక్కుమని మారుతుంది, లేదా క్షణం పాటు బ్యాటరీ మీదికి వెళుతుంది. మీరు ఖాళీగా ఉండి బ్రౌజర్ చూస్తుంటే ఆ క్షణం సాఫీగా గడిచిపోతుంది. గేమ్ నడుస్తున్నప్పుడు అదే క్షణంలో 360 వాట్ల వస్తువు 460 మోయాలి. రీస్టార్ట్‌కు ముందు ఆ టక్కు శబ్దం వినిపిస్తోందేమో ఈసారి చెవి పెట్టి వినండి.

మొదటి పరీక్ష ఇదే: మూడు రోజులు యూపీఎస్‌ను పక్కన పెట్టి, కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు కలిపి గేమ్ ఆడండి. ఏసీకో గీజర్‌కో వేసిన 16 ఆంపియర్ల సాకెట్ దొరికితే మరీ మంచిది. స్పైక్ బస్టర్లను, ఒకదానికొకటి గుచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సులను ఆ మూడు రోజులు వాడకండి. వాటి లోపలి ఇత్తడి పట్టీలు వదులై, ప్లగ్గు కదిలినప్పుడల్లా కరెంటు తెగడం చాలా ఇళ్లలో చూశాను. ప్లగ్గు తీసినప్పుడు పిన్నుల మీద నల్లటి మసి కనిపిస్తే ఆ బాక్సు పారేయవలసిందే. ఉరుములు, మెరుపులు ఉన్న రోజున మాత్రం ఈ పరీక్ష వద్దు. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేతి వెనక భాగంతో తాకితే జిలజిలలాడినట్లు ఉంటే మీ సాకెట్‌కు ఎర్తింగ్ లేదన్నమాట, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

యూపీఎస్ లేకుండా రీస్టార్ట్‌లు ఆగిపోతే కారణం దొరికినట్లే. ఆగకపోతే వంతు ఎస్‌ఎమ్‌పీఎస్‌కు వస్తుంది. క్యాబినెట్ పక్క తలుపు తీసి దాని లేబుల్ చదవండి. పైన 500 వాట్లని రాసి ఉన్నా, ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు వెళ్లేది 12 వోల్టుల వరుస నుంచి మాత్రమే. ఆ వరుసలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో గుణించండి. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చినట్లుండే ఒక ఎస్‌ఎమ్‌పీఎస్ మీద నేను చూసిన అంకె 24 ఆంపియర్లు, అంటే 288 వాట్లు. మీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ కలిపితేనే 296. మిగిలిన వాట్లను ఈ రోజుల్లో అంతగా వాడకంలో లేని 5 వోల్టులు, 3.3 వోల్టుల వరుసల మీద చూపించి మొత్తాన్ని 500 చేశారు. ఆర్‌టీఎక్స్ 3070కు తయారీదారే 650 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ సూచించారు.

సగటు వాడకం సరిపోయినా ఇంకొక చిక్కు ఉంది. ఈ తరం గ్రాఫిక్స్ కార్డులు సగటున 220 వాట్లు తీసుకున్నా, మిల్లీసెకన్ల వ్యవధిలో దానికి చాలా పైన లాగి మళ్లీ తగ్గుతాయి. గేమ్‌లో పేలుడు దృశ్యమో, మెనూ నుంచి ఆటలోకి దూకే క్షణమో వచ్చినప్పుడు ఇది జరుగుతుంది. అందుకే మీకు ఆట మధ్యలో ఒక లెక్కంటూ లేకుండా పోతోంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ చిక్కును దృష్టిలో పెట్టుకుని, గ్రాఫిక్స్ కార్డుకు కొత్త 16 పిన్నుల కనెక్టర్ ఇచ్చే ఎస్‌ఎమ్‌పీఎస్‌లు తమ సామర్థ్యానికి రెండింతల లాగుడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని నిర్దేశించింది. చవకరకం ఎస్‌ఎమ్‌పీఎస్ అటువంటి లాగుడుకు వోల్టేజీ వదిలేస్తుంది. కొంచెం మంచిదైతే రక్షణ వలయం పనిచేసి పూర్తిగా ఆగిపోతుంది, వెనకనున్న స్విచ్చి ఆపి మళ్లీ వేసేదాకా లేవదు.

పైసా ఖర్చు లేకుండా దీన్ని నిర్ధారించుకోవచ్చు. ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, గ్రాఫిక్స్ కార్డు తీసుకునే కరెంటుకు హద్దు పెట్టే పవర్ లిమిట్‌ను 100 శాతం నుంచి 70కి తగ్గించండి. గేమ్ సెట్టింగ్స్‌లో ఫ్రేమ్ రేటును 60 దగ్గర ఆపండి. ఇలా తగ్గించినప్పుడు గంటల తరబడి నిలకడగా నడిచి, 100కు పెంచగానే మళ్లీ రీస్టార్ట్ అయితే ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చవలసిందే. ఈ పరీక్ష చేయకుండా నేను ఎవరి చేతా కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ కొనిపించను.

మల్టీమీటర్ ఉన్నవారు పసుపు, నలుపు తీగల మధ్య వోల్టేజీ చూడవచ్చు. ప్రమాణం ప్రకారం అది 11.4 నుంచి 12.6 లోపల ఉండాలి. అయితే అందులో 12.1 చూపించిందని నిశ్చింతగా ఉండకండి. మిల్లీసెకన్లలో వచ్చిపోయే జారుడు మల్టీమీటర్‌కు కనిపించదు. కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌లు చూపించే 12 వోల్టుల అంకెలనైతే నేను పట్టించుకోను. 12కు బదులు 8 చూపించే బోర్డులు ఏళ్ల తరబడి హాయిగా నడవడం చూశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా వీధిలోనే ఒక ఇంట్లో రోజూ సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందన్నారు. నా దుకాణానికి తెస్తే రెండు రోజులు ఏకబిగిన నడిచింది. ఇంటికి తీసుకెళితే మళ్లీ అదే కథ. చివరికి ఒక సాయంత్రం వాళ్లింట్లోనే కూర్చున్నాను. వాళ్లమ్మగారు ఇచ్చిన టీ సగం తాగానో లేదో, తలమీద ట్యూబులైటు ఒక్కసారి కునికినట్లయింది, కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. కింద వాటాలో ఇంటి యజమాని ట్యాంకు నింపడానికి బోరు మోటారు వేశారు. మోటారు మొదలయ్యే క్షణంలో చాలా ఎక్కువ కరెంటు లాగి ఇల్లంతా వోల్టేజీ పడిపోతుంది. టీవీకి ఏమీ కాలేదు, పక్కనున్న ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది. కంప్యూటర్‌లోని ఎస్‌ఎమ్‌పీఎస్ మాత్రం ఆరేళ్ల పాతది. కరెంటు తెగినా కొద్దిసేపు లోపలి కెపాసిటర్‌లో నిల్వ ఉన్నదానితో నెట్టుకు రావాలి. ఏటీఎక్స్ ప్రమాణం దీనికి పెట్టిన గడువు 16 మిల్లీసెకన్లకు అటూ ఇటూ ఉంటుంది, మన కరెంటు ఒక ఆవృత్తి పూర్తి చేయడానికి పట్టే 20 మిల్లీసెకన్ల కన్నా కొంచెం తక్కువ. వయసు మీద పడిన ఆ కెపాసిటర్‌కు అంత ఓపిక మిగలలేదు. ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చాము. మోటారు రోజూ అదే వేళకు వేస్తూనే ఉన్నారు, కంప్యూటర్ నడుస్తూనే ఉంది.

మీరు కొత్తది కొనేటట్లయితే 650 వాట్లది తీసుకోండి. దాని మీద ఉండే 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ ముద్రలు కరెంటు ఎంత ఆదా అవుతుందో చెబుతాయే గానీ నాణ్యతకు హామీ ఇవ్వవు, కాబట్టి వారంటీ ఎన్నేళ్లో కూడా చూడండి. ఐదేళ్లు, ఆపైన ఇచ్చేవాటిలో నాకు తిరిగి వచ్చినవి తక్కువ. మంచి ఎస్‌ఎమ్‌పీఎస్‌లలో యాక్టివ్ పీఎఫ్‌సీ అనే ఏర్పాటు ఉంటుంది. చవక యూపీఎస్ బ్యాటరీ మీదికి వెళ్లినప్పుడు ఇచ్చే మెట్లుమెట్ల తరంగం కొన్నిసార్లు దానికి పడదు. అలా జరిగితే కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ పాడైందని తిరిగి ఇచ్చేయకండి, కనీసం 1100 వీఏ, 660 వాట్ల యూపీఎస్ గానీ, గోడ కరెంటులా నున్నని తరంగం ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్ రకం గానీ చూడండి. ఇంటికి ఇన్వర్టర్ ఉండి కంప్యూటర్ కూడా దాని మీదే ఉంటే, ఇన్వర్టర్ వెనక ఉన్న చిన్న స్విచ్చి యూపీఎస్ వైపు ఉందో లేదో చూడండి. రెండో వైపు ఉంటే కరెంటు పోయినప్పుడు మారడానికి పట్టే వ్యవధి ఫ్యాన్లకు, లైట్లకు సరిపోతుంది గానీ కంప్యూటర్‌కు సరిపోదు.

తలుపు తీసినప్పుడే గ్రాఫిక్స్ కార్డు తీగలు కూడా చూడండి. 8 పిన్నుల సాకెట్ ఒక్కొక్కటి 150 వాట్లకు ఉద్దేశించినది. కార్డుకు రెండు సాకెట్లుంటే, ఒకే తీగ చివర రెండు తలలున్నదాన్ని వాడకుండా ఎస్‌ఎమ్‌పీఎస్ నుంచి రెండు వేర్వేరు తీగలు వేయండి. పాత ఎస్‌ఎమ్‌పీఎస్ తీగలు బాగున్నాయని కొత్తదానికి మాత్రం తగిలించకండి. తీసి పెట్టుకునే తీగల్లో కంపెనీ కంపెనీకీ, ఒక్కోసారి ఒకే కంపెనీలో మోడల్ మోడల్‌కూ పిన్నుల వరుస మారుతుంది. సాకెట్‌లో చక్కగా ఇమిడిపోతుంది కాబట్టి అనుమానం రాదు. నేనే ఒకసారి తొందరలో అలా తగిలించి ఒక కస్టమర్ ఎస్‌ఎస్‌డీని కాల్చేశాను. ఎస్‌ఎస్‌డీ కొత్తది కొనిచ్చాను, అందులో ఉన్న వాళ్లమ్మాయి పెళ్లి ఫోటోలు మాత్రం కొనివ్వలేకపోయాను.

ఇప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే రీస్టార్ట్. బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేసి ఉంటారు, కొందరు బోర్డు తయారీదారులు దీన్ని డీఓసీపీ అంటారు. అది ర్యామ్‌ను దాని పెట్టె మీద రాసిన వేగంతో నడిపిస్తుంది, సాంకేతికంగా అది ఓవర్‌క్లాకింగే, అంటే మామూలు వేగం కన్నా ఎక్కువగా నడపడమే. దాన్ని ఆపేసి నాలుగైదు రోజులు వాడి చూడండి. వేగం కొంత తగ్గుతుంది, నష్టమేమీ లేదు. ఆ రోజుల్లో రీస్టార్ట్ రాకపోతే ర్యామ్ మీద అనుమానం బలపడుతుంది. అప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ నడిపి, రాత్రంతా వదిలేసి, కనీసం నాలుగు పాసులు పూర్తి కానివ్వండి. ఒక్క తప్పు వచ్చినా ఆ ర్యామ్ పనికిరాదనే లెక్క, ఒకటే కదా అని సరిపెట్టుకోవద్దు. ఏ స్టిక్కుదో తేల్చడానికి ఒక్కొక్కటిగా, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాటులో పెట్టి చూడాలి. రెండూ ఉన్నప్పుడు రెండు, నాలుగు స్లాట్లలో ఉండాలి. మొదటి, రెండో స్లాట్లలో పక్కపక్కన పెట్టుకుని ఆర్నెల్లు బాధపడిన కుర్రవాడొకడు నాకు తెలుసు.

ర్యామ్‌లో తప్పు లేకపోతే, రైజెన్ బోర్డుల బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే అమరిక ఉంటుంది. ఏఎమ్‌డీ సీబీఎస్ అనే విభాగంలో వెతకండి. దాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చండి. ఏ పనీ లేనప్పుడు ఈ ప్రాసెసర్లు గాఢనిద్రలోకి వెళ్లి అతి తక్కువ కరెంటు తీసుకుంటాయి. అంత తక్కువ వాడకం దగ్గర కొన్ని పాత, చవక ఎస్‌ఎమ్‌పీఎస్‌లు వోల్టేజీని నిలకడగా ఉంచలేవు. ఎక్కువ లాగినా పడిపోతుంది, తక్కువ లాగినా తడబడుతుంది. అంటే మీ రెండు జబ్బులకూ మూలం ఆ ఒక్క ఎస్‌ఎమ్‌పీఎస్‌లోనే ఉండే అవకాశం కూడా లేకపోలేదు. విడివిడిగా పరీక్షించమన్నది అందుకే.

పైన రాసి పెట్టుకోమన్న డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ సంగతి ఇక్కడికి వస్తుంది. 18 అనే నంబరుతో, ప్రాసెసర్ కోర్‌లో (ప్రాసెసర్ లోపల విడిగా లెక్కలు చేసే భాగాల్లో ఒకదానిలో) తప్పు అని, దాని కింద ఏపీఐసీ ఐడీ అని ఒక అంకెతో ఉంటే ప్రాసెసర్ వైపు చూడాలి. ప్రతిసారీ అదే అంకె వస్తుంటే ఫలానా కోర్ దగ్గర ఇబ్బంది ఉన్నట్లు. ప్రాసెసర్ వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ వంటివి ఎవరి వీడియో చూసో మార్చి ఉంటే ముందు వాటిని వెనక్కి తిప్పండి. అన్నీ మామూలు స్థితిలో ఉండగా కూడా అదే కోర్ పేరు వస్తుంటే ప్రాసెసర్‌ను వారంటీలో ఇవ్వాలి. ఇది చదివే ఇతరుల కోసం ఒక మాట: ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడేవారికి ఇటువంటి అస్థిరత ఉంటే, 2024 ఆగస్టు తరువాత వచ్చిన బయోస్ తప్పనిసరిగా వేసుకోవాలి. అప్పటికే దెబ్బతిన్నవాటిని ఆ బయోస్ బాగుచేయలేదు, కానీ ఇంటెల్ వాటి వారంటీని రెండేళ్లు పొడిగించింది.

వేడి గురించి కూడా అడిగారు. ప్రాసెసర్ వేడెక్కితే ముందు తన వేగం తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ హద్దు దాటితే పూర్తిగా ఆఫ్ అవుతుంది. కాబట్టి రీస్టార్ట్ అయ్యే కంప్యూటర్‌కు వేడి నా జాబితాలో వెనక ఉంటుంది. వేడిని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ నడిపి గేమ్ ఆడేటప్పుడు అంకెలు ఒకసారి చూసుకుంటే చాలు. మీరు మొదటిసారి బిగించారు కాబట్టి, కూలర్ అడుగున ఉండే పారదర్శక ప్లాస్టిక్ పొర తీశారో లేదో గుర్తు చేసుకోండి.

సొంతంగా బిగించిన కంప్యూటర్లలోనే కనిపించే లోపాలు రెండున్నాయి. మదర్‌బోర్డు కింద క్యాబినెట్‌కు బిగించే ఇత్తడి స్టాండాఫ్‌లు బోర్డు రంధ్రాలకు ఎదురుగానే ఉండాలి. క్యాబినెట్‌లో పెద్ద బోర్డుల కోసం ముందే బిగించి ఉంచిన స్టాండాఫ్ ఒకటి చిన్న బోర్డు కింద అదనంగా మిగిలిపోతే, దాని మొన బోర్డు వెనక ఉన్న టంకానికి తగులుతుంది. ఒక కాలేజీ కుర్రవాడి కంప్యూటర్ బల్ల మీద గట్టిగా చెయ్యి వేసినా రీస్టార్ట్ అయ్యేది. బోర్డు తీసి చూస్తే వెనక వైపు పెసరగింజంత గీత, దాని కింద మెరుస్తున్న ఇత్తడి మొన. దాన్ని విప్పేసిన రోజు నుంచి ఆ కంప్యూటర్‌కు మరో మరమ్మతు రాలేదు. మీ బోర్డు చిన్న సైజుదైతే దీన్ని తప్పక చూడండి.

రెండోది రీసెట్ బటన్. క్యాబినెట్ ముందు వైపు నుంచి మదర్‌బోర్డుకు వచ్చే సన్నని తీగల్లో రీసెట్ అని రాసిన రెండు పిన్నుల ముక్క ఉంటుంది. దాన్ని పీకేసి వాడండి, దాని వల్ల మీకు లోటేమీ లేదు. దుమ్ము పట్టో, బటన్ కింద స్ప్రింగు బలహీనపడో అది తగిలీ తగలనట్లు ఉంటే మీరు రాసిన లక్షణాలన్నీ వస్తాయి, ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ కావడంతో సహా. అర నిమిషం పని కాబట్టి దీన్ని ఈ రాత్రే చేసేయండి.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాను విప్పకండి, ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీయగల వోల్టేజీ నిలిచి ఉంటుంది. రీస్టార్ట్ సమస్య తీరకుండా మీరు బయోస్ అప్‌డేట్ చేయకండి (పైన చెప్పిన ఇంటెల్ ప్రాసెసర్ల సంగతి వేరు), మధ్యలో రీస్టార్ట్ అయిందంటే ఈసారి నిజంగానే మదర్‌బోర్డు మార్చవలసి వస్తుంది.

వరుస ఇలా పెట్టుకోండి. ఈ రాత్రి రీసెట్ తీగ పీకేసి, ఆటోమేటికల్లీ రీస్టార్ట్ టిక్కు తీసేయండి. రేపటి నుంచి మూడు రోజులు యూపీఎస్ లేకుండా నడపండి. ఆ తరువాత పవర్ లిమిట్ 70తో ఆడండి. ఎక్స్‌ఎమ్‌పీ ఆపడం దాని తరువాత. ఒకసారికి ఒక్కటే మార్చాలి, రెండు కలిపి మారిస్తే రీస్టార్ట్ ఆగినా దేని వల్ల ఆగిందో తెలియదు. ఎస్‌ఎమ్‌పీఎస్ కొనే ముందు తెలిసినవారి దగ్గర మంచిది ఒకటి రెండు రోజులకు అరువు దొరికితే, దాని తీగలతో సహా తెచ్చి పెట్టి చూడండి.

బల్ల పక్కన ఒక కాగితం పెట్టుకుని, రీస్టార్ట్ అయిన ప్రతిసారీ సమయం, అప్పుడు చేస్తున్న పని, యూపీఎస్ శబ్దం వచ్చిందో లేదో, లైటు కునికిందో లేదో రాయండి. వారం తరువాత ఆ కాగితంలో ఉన్నదాన్ని, 41 లోపల కనిపించిన బగ్‌చెక్ కోడ్‌ను, ఎస్‌ఎమ్‌పీఎస్ లేబుల్ మీద 12 వోల్టుల ఎదురుగా ఉన్న ఆంపియర్లను ఇక్కడే రాయండి. మదర్‌బోర్డు బిల్లు మాత్రం భద్రంగా ఉంచుకోండి, వారంటీ గడువు ఇంకా చాలా ఉంటుంది కాబట్టి దాని గురించి తొందరపడవలసిన పని లేదు.